కాఫీ తాగుతూ కొలిచిన ప్రభ

జనవరి 28, బుధవారం

విశ్రాంతి కోసం వచ్చాను. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పడానికి ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను. గన్నవరంలో విమానం దిగేసరికి తమ్ముడు యల్లమంద కారు వేసుకొచ్చి ఉన్నాడు. "ఎన్నాళ్ళుంటావక్కాయ్?" అన్నాడు సూట్‌కేసు అందుకుంటూ. శివరాత్రి దాకా అన్నాను. వాడి మొహంలో సంతోషం కనపడింది, వెంటనే కాస్త అనుమానం కూడా కనపడింది. పదేళ్ళుగా మా పెదమల్లెలలో రెండు రోజులకు మించి ఉండని మనిషిని, అనుమానం రాకేం చేస్తుంది.

నిజానికి పెద్ద విషయమేమీ లేదు. ముప్పై ఏళ్ళు రక్షణ శాఖలో పనిచేశాను. రిటైరయ్యాక ఆరేళ్ళుగా ఢిల్లీలో రక్షణ విషయాల మీద నివేదికలు రాసే ఒక థింక్ ట్యాంకుకి డైరెక్టరుగా ఉన్నాను. వచ్చే నెల పదిహేడో తారీఖున బోర్డు కూర్చుని నాకు మరో మూడేళ్ళు ఇవ్వాలా వద్దా తేలుస్తుంది. ఇస్తారు. అడ్డం వచ్చిందల్లా మా కొత్త నివేదికలో ఒక్క పేరా.

పొరుగుదేశంతో మనకొక పాత ఒప్పందం ఉంది. సరిహద్దు దగ్గర సైనిక విన్యాసాలు చేసే ముందు ఒకరికొకరు కబురు చెప్పుకోవాలి. అవతలివాళ్ళు చెప్పకుండా చేసినవన్నీ మూడు అధ్యాయాలు రాస్తే బోర్డంతా భేష్ అంది. నాలుగో అధ్యాయంలో మనం చెప్పకుండా చేసింది ఒక్క పేరా రాస్తే, చైర్మన్ జనరల్ గారికి గొంతులో ముల్లు అడ్డుపడింది. "అబద్ధమని నేను అనడం లేదు. మనమెందుకు చెప్పాలి అంటున్నాను" అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఆ పేరా ఉంటే కుర్చీ నా డిప్యూటీ శ్రీకర్‌ది. సత్తెనపల్లి కుర్రాడని నేనే ఏరికోరి తెచ్చుకున్నవాడు.

ఒక్క పేరా. తీసేస్తే పుస్తకమేమీ సన్నబడదు. రేపు తీరిగ్గా కూర్చుని తీసేస్తాను.

జనవరి 30, శుక్రవారం

తీరిక ఎక్కడ. పొద్దున్నే ఇంటి ముందు లారీ ఆగి, సరుగుడు బాదులూ వెదురు గడలూ దింపారు. కోటప్పకొండ తిరునాళ్ళకి శివుడి మొక్కుగా ఊరేగించే ఎత్తైన ప్రభ కట్టే పని మొదలైంది. ఈ ఏడు ప్రభ కమిటీకి పెద్ద మా యల్లమందే. వాడు పంచె ఎగ్గట్టి అరుస్తుంటే, దేశ రక్షణ బడ్జెట్ కూడా ఇంత హడావిడిగా తయారవదని అనిపించింది.

వచ్చినవాళ్ళందరికీ నన్ను పరిచయం చేస్తున్నాడు. "మా అక్క ఢిల్లీలో ట్యాంకుల కంపెనీకి పెద్ద." నేను దిద్దబోయి మానుకున్నాను. ట్యాంకులైతే కనీసం కంటికి కనపడతాయి.

కాలవ అవతల చినమల్లెల. పేరుకే చిన, నిరుడు ప్రభ మాత్రం వాళ్ళదే పెద్దది. అంతకుముందు ఏడు మాది పెద్దది. ఇలా ఏడాదికి కొంత, ఏడాదికి కొంత పెంచుకుంటూ రెండూళ్ళూ తొంభై అడుగులు దాటాయి. ట్రాక్టరు మీద నిలబెట్టి, నాలుగు వైపులా మోకులు పట్టి మనుషులు సంబాళిస్తూ కొండ దాకా నడిపించాలి. నిరుడు కాలవ వంతెన మలుపులో చినమల్లెల ప్రభ ఒరిగి, మోకు తెగి, ఒక దుంగ వచ్చి చరణ్ అనే కుర్రాడి కాలి మీద పడింది. వాళ్ళ కమిటీ పెద్ద జక్కయ్య కొడుకే వాడు. ఇప్పటికీ కుంటుతున్నాడట. మా ఊళ్ళో ఒక పూట అందరూ అయ్యో అన్నారు. మర్నాడు "ఈసారి మనం ఇంకో పదడుగులు" అన్నారు.

నా జీవితంలో సగం ఇలాంటి మాటలు వినడంతోనే గడిచింది, కాకపోతే అవి ఇంగ్లీషులో ఉండేవి.

ఫిబ్రవరి 1, ఆదివారం

మరదలు వీరరాఘవమ్మ ఎప్పుడూ నాతో అవసరానికి మించి మాట్లాడదు. ఇవాళ మిరపకాయల కల్లం దగ్గర తాలుకాయలు ఏరుతూ, తలెత్తకుండా అంది.

"వదినగారూ, నువ్వు దేశాల మధ్యన ఒప్పందాలు చేస్తావంటగా."

"చేసేదాన్ని."

"ఈ రెండూళ్ళ మధ్యన ఒకటి చెయ్యి. ముందు మోకు పట్టేది మా వెంకటేషు. నిరుడు ఆ పిల్లోడి కాలు చూసిన కాడ్నించీ నాకు అన్నం సయించట్లేదు. మీ తమ్ముడికి చెబితే ఆడదానివి నీకేందే అంటాడు. నిన్ను అనలేడుగా."

అని మళ్ళీ తాలుకాయల్లో పడిపోయింది. వెంకటేష్ నా మేనల్లుడు, పాతికేళ్ళవాడు. ఒక్కడే కొడుకు.

నాకు పాత ఉత్సాహం వచ్చేసింది. జెనీవాలో ఒకసారి ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్న దాని మీదే మూడు రోజులు చర్చ నడిపినదాన్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇంటికి వచ్చాను, ఇదొక లెక్కా.

ఫిబ్రవరి 3, మంగళవారం

చర్చలు సఫలం. వివరంగా రాసుకుంటాను, ఎందుకంటే ఇది నేను చేసిన అతి మంచి పనుల్లో ఒకటి.

చోటు కాలవ వంతెన మీది టీ బంకు. మా ఊరూ కాదు, వాళ్ళ ఊరూ కాదు. అటునుంచి జక్కయ్య వచ్చాడు. హైస్కూల్లో నా క్లాసే. అప్పుడు లెక్కల్లో నా వెనకాల ఉండేవాడు, ఇప్పుడు తెల్లమీసాలతో నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు. ఇటునుంచి యల్లమంద. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కాలవలో నీళ్ళు చూస్తున్నారు.

మొదట ఎత్తు మాట ఎత్తలేదు. అది నా పద్ధతి. ఒప్పుకోవడానికి కష్టం లేనిది ముందు ఒప్పించాలి. వంతెన ముందు ఎవరు దాటాలి అని అడిగాను. నిరుడు మేం దాటాం కనుక ఈ ఏడు మీరే అన్నాడు జక్కయ్య వెంటనే. యల్లమందకి అడగకుండానే వరం దొరికింది. వాడి భుజాలు కాస్త కిందికి దిగాయి. రెండో టీ చెప్పాను. అప్పుడు ఎత్తు.

"ఎనభై" అన్నాడు జక్కయ్య.

"ఏంది, నిరుటి కన్నా తగ్గించేది? ఊళ్ళో మాకు మొహాలు ఉండద్దా?" అన్నాడు యల్లమంద.

"మొహం సంగతి సరే. కాళ్ళు ఉండాలిగా" అన్నాడు జక్కయ్య. గట్టిగా కూడా అనలేదు. యల్లమంద టీ గ్లాసు కింద పెట్టి, సరే అన్నాడు.

ఎనభై అడుగులు, ఇద్దరికీ. మరి సరిగ్గా కట్టారో లేదో చూసేదెవరు? వాళ్ళ ప్రభని మావాళ్ళు, మా ప్రభని వాళ్ళు చూస్తే అక్కడే కర్రలు లేస్తాయి. జక్కయ్యే అన్నాడు, "లతమ్మ చూస్తది రెండూ. ఆమె దేశం మొత్తానికీ చూసిన మనిషి. తమ్ముడని చూడదు." పండగకి రెండు రోజుల ముందు రెండూ కొలిచి, సరిపోతే ప్రభ కాలికి పసుపుకొమ్ము దారం నేనే కట్టాలి. మా రెండూళ్ళలో ఆ దారం కొండ మీది కోటయ్యకి ఇచ్చిన మాట. అది లేనిదే ప్రభ గడప దాటదు.

తమ్ముడని చూడదు అన్నమాట నాకు చాలా నచ్చింది. దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 4, బుధవారం

పేరా ఇంకా తీయలేదు. ఇక్కడ నెట్ సరిగా లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

శ్రీకర్ ఫోన్. నెట్ ఎలా ఉన్నా ఫోన్ మాత్రం బ్రహ్మాండంగా పలుకుతుంది.

"మేడం, పేరా సంగతి ఏం చేశారు?"

"చూస్తున్నాను."

"తీసేయండి మేడం. మీరే ఉండాలి. నాకా కుర్చీ వద్దు. మీరు మళ్ళీ రాయొచ్చు, ఎప్పుడైనా ఇంకో పుస్తకంలో."

వాడి గొంతులో నిజాయితీ ఉంది. కుర్చీ వద్దనడంలో కాస్త తక్కువ ఉంది. నన్ను చూసి నేర్చుకున్నవాడే కదా, రెండూ నా దగ్గరే నేర్చుకుని ఉంటాడు.

పేరా తీసేయడం పెద్ద విషయం కాదు. ఎవరూ అబద్ధం చెప్పమనడం లేదు. చెప్పకుండా ఊరుకోమంటున్నారు, అంతే. మూడేళ్ళలో నేను ఎన్ని మంచి పనులు చేయగలను. కుర్చీ లేకపోతే నేనేమిటి అన్నది మాత్రం ఆలోచించను. ఆ ఆలోచన భోజనానికి ముందు మంచిది కాదు, తర్వాత అసలే కాదు.

సాయంత్రం పునుగులు. రెండోసారి కూడా వేయించుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

క్రేను పెట్టి ప్రభని నిలబెట్టారు. ఊరంతా చప్పట్లు. ముచ్చటగా ఉంది. లైట్లు అమర్చే మన్సూర్ నరసరావుపేట నుంచి వచ్చి దిగాడు. రెండూళ్ళ ప్రభలకీ లైట్లు అతనివే.

నేను దగ్గరికి వెళితే కుర్రాళ్ళు మాటలు ఆపేస్తున్నారు. మన్సూర్ కూడా "సలాం మేడం" అని వైర్ల చుట్ట చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయాడు. పాపం, ఢిల్లీ మనిషని మొహమాటం.

ఫిబ్రవరి 10, మంగళవారం

యల్లమంద ఈమధ్య నాకు తెగ మర్యాద చేస్తున్నాడు. నాటుకోడి తెప్పించాడు. నా గదికి కొత్త ఫ్యాను వేయించాడు. "నువ్వు మా ఇంటి పరువు అక్కాయ్" అన్నాడు అన్నం తింటుండగా. ఇన్నేళ్ళకి తమ్ముడు నా విలువ తెలుసుకున్నాడు. రాఘవమ్మ మాత్రం కూర వడ్డిస్తూ వాడి వైపు ఒక చూపు చూసింది. ఆలుమగల మధ్య ఏదో ఉంటుంది, మనకెందుకు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పొద్దున చినమల్లెల ప్రభ కొలిచాను.

కొలత అంటే ఏమిటో వాళ్ళకి చూపించాను. ఒక కుర్రాడిని పైదాకా ఎక్కించి టేపు కిందికి వదలమన్నాను. ఒకసారి చాలదని రెండో వైపు నుంచి మళ్ళీ వదిలించాను. అడుగున చెక్క ఎందుకు పెట్టారని అడిగాను. చుట్టుపక్కల పాకలు తెరిపించి చూశాను. ఒక గడ్డివాము వెనక్కి కూడా వెళ్ళొచ్చాను. చరణ్ కుంటుకుంటూ నా వెంటే తిరిగి ప్రతిదీ చూపించాడు. విసుక్కోలేదు.

"జక్కయ్యా, మూర తక్కువుంది" అన్నాను.

"ఉండనీ. నీ టేపు ఎటు సాగుద్దో అని భయపడి తగ్గించా" అన్నాడు.

దారం గట్టిగా, రెండు ముళ్ళు వేసి కట్టాను.

సాయంత్రం మా ప్రభ. ఇంటి ముందే కదా. అరుగు మీద కుర్చీ వేశారు. రాఘవమ్మ కాఫీ తెచ్చింది, ఇత్తడి గ్లాసులో, నురగతో. యల్లమంద పక్కన నిలబడి "ఎనభై మీద అంగుళం లేదక్కాయ్" అన్నాడు. చూశాను. బాగుంది. దారం కట్టాను.

ఫిబ్రవరి 14, శనివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, చినుకు పడితే సంవత్సరం కష్టం నల్లబడుతుంది. "వదినగారూ, షెడ్డులో పట్టా ఉంది, లాక్కురా" అని రాఘవమ్మ కల్లంలోంచి కేకేసింది. పరుగెత్తాను. షెడ్డులో పట్టా పట్టుకుని లాగాను. దాని కింద శిఖరం ఉంది.

ప్రభ మీద పెట్టే శిఖరం. కొత్త వెదురు, కొత్త గుడ్డ, చుట్టూ బల్బులు అమర్చి ఉన్నాయి. అడుగున ఇనప పట్టీలు, బోల్టులు. పదడుగులకి తక్కువ ఉండదు. వెళ్ళి ప్రభ నెత్తిన కూర్చోవడమే మిగిలింది.

పట్టా తీసుకెళ్ళి కాయల మీద కప్పాం. రాఘవమ్మ నా మొహం చూసింది. నేను తన మొహం చూశాను. ఇంట్లో పట్టాలు ఇంకా నాలుగున్నాయని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, ఒక్కటి అరుగు పక్కనే మడిచి ఉంది. ఎందుకని నేను అడగలేదు. చినుకు పడలేదు.

సాయంత్రం యల్లమందని షెడ్డు దగ్గరికి పిలిచాను. వాడు దాచలేదు.

"కొండ కాడ క్రేను మాట్లాడాం. అక్కడికెళ్ళాక ఎక్కిస్తాం. ఆ జనంలో ఎవడు కొలుస్తాడు?"

"నేను దారం కట్టానురా."

"కట్టావుగా. నీ పని అయిపోయింది. ఇంకేంది?"

"అక్కడ నుంచి దిగేటప్పుడు వాలు. పైన బరువుంటే ముందు మోకు పట్టినవాడి సంగతి?"

"నిరుడు మేం తొంభై తేలేదా? వాళ్ళకి కట్టడం రాక పడిందది." గొంతు తగ్గించాడు. "అక్కాయ్, వాళ్ళూ ఏదోటి దాచే ఉంటారు. దాచకుండా ఎందుకుంటారు? నువ్వు నీ ఊరి మనిషివా, ఆళ్ళ మనిషివా? నిజమే అయిందనుకో, మనమెందుకు చెప్పాలి?"

వెళ్ళిపోయాడు. నేను షెడ్డు గడప మీద కూర్చుండిపోయాను. మనమెందుకు చెప్పాలి. జనరల్ గారికీ మా యల్లమందకీ ఎక్కడా చుట్టరికం లేదు, ఆయన పంజాబు, వీడు పల్నాడు. మాట మాత్రం ఒక్కటే.

అక్కడ గడ్డివాము వెనక్కి కూడా వెళ్ళాను. ఇక్కడ కుర్చీలోంచి లేవలేదు. ఎవరో మోసం చేశారని రాసుకుందామంటే, మోసపోవడానికి నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను. వాళ్ళ దగ్గర టేపు, మనవాళ్ళ దగ్గర కాఫీ. నాలుగో అధ్యాయంలో నేను రాసిన పేరా మొత్తం ఇదే, అందులో కాఫీ లేదంతే. గురివింద గింజ తన నలుపెరగదంటారు, నేను ఆ గింజ మీద మూడు అధ్యాయాలు రాసి నాలుగోది కొట్టేయబోయినదాన్ని.

ఒక్క శిఖరం. ఎవరూ అబద్ధం చెప్పమనడం లేదు. ఈ మాట ఎక్కడో రాశాను. వెనక్కి తిప్పి చూశాను, ఆరో తారీఖున ఉంది.

భయంగా ఉంది. ఢిల్లీకి కాదు. వీడు నాకున్న ఒక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోకుండా ఫైళ్ళతో కాపురం చేసినదాన్ని. నాదని చెప్పుకోవడానికి ఈ ఇల్లొక్కటే ఉంది. వీడు వాకిలి మూస్తే నేను వచ్చేందుకు ఊరు ఉండదు.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి

కొండకి వెళ్ళలేదు. అందరూ వెళ్ళారు. ఇంట్లో నేనూ, గేదెలూ. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున వంతెనకి ఇటు మా ప్రభ, అటు వాళ్ళ ప్రభ. డప్పులు, పూలు, గులాల్. మా ప్రభ వెనక ఇంకో ట్రాక్టరు, దాని ట్రక్కులో పట్టా కప్పిన మూట. పట్టా నేను గుర్తుపట్టాను. ముందు మోకు వెంకటేష్ భుజం మీద ఉంది, నడుముకి కొత్త తువ్వాలు బిగించాడు. రాఘవమ్మ ఆడవాళ్ళలో నిలబడి కొడుకునే చూస్తోంది.

కొబ్బరికాయ కొట్టడానికి నన్ను పిలిచారు. వెళ్ళాను. కాయ కింద పెట్టి, ప్రభ కాలి దగ్గర కూర్చుని, దారం విప్పాను. కాఫీ తాగుతూ కట్టిన ముడి కదా, లాగగానే ఊడొచ్చింది.

డప్పులు ఆగిపోయాయి.

"అక్కాయ్, ఏం చేస్తన్నావ్?" అన్నాడు యల్లమంద.

"నేను కొలవలేదురా. కొలిచానని కట్టాను. తప్పు నాది. వెనక ట్రాక్టరులో ఉన్నది దింపండి. అప్పుడు టేపు పెట్టి కొలిచి, మళ్ళీ కడతాను."

నా గొంతు వణికింది. ఎందరో జనరళ్ళ ముందు వణకనిది, మా ఊరి కుర్రాళ్ళ ముందు వణికింది. ఎవరో "ఈమెని పిలిచిందెవడ్రా?" అన్నారు. ఇంకెవరో అన్నది రాయను. యల్లమంద నావైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు నాన్న చేతిలో దెబ్బలు తినేముందు కూడా వాడి చెవులు అలాగే అయ్యేవి. నాకు వాడి మీద జాలేసింది, పరుగెత్తి వెళ్ళి వాణ్ణి కావలించుకుందామనిపించింది. కదల్లేదు.

వెంకటేష్ మోకు కింద పెట్టాడు. ఎవరినీ అడగలేదు. ట్రక్కు దగ్గరికి వెళ్ళి పట్టా లాగేశాడు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు చెయ్యి కలిపారు. శిఖరాన్ని మోసుకొచ్చి టీ బంకు పక్కన దించారు.

వంతెన అవతలి నుంచి జక్కయ్య నడిచి వచ్చాడు. వాళ్ళ కుర్రాళ్ళు వెనకే రాబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నాతో మెల్లిగా అన్నాడు.

"మన్సూరు మాకూ లైట్లేస్తాడుగా లతమ్మా. వాడు నోరు కట్టుకున్నా మొహం కట్టుకోలేడు. రెండు రోజులైంది నాకు తెలిసి."

"మరి చెప్పలేదేం?"

"మావాళ్ళకి చెబితే ఈ వంతెన మీద తలకాయలు పగిలేయి. నువ్వు చెబుతావేమోనని చూస్తన్నా."

"చెప్పకపోతే?"

"వచ్చే ఏడు నేనూ ఓ షెడ్డు వేసేవాణ్ణి."

టేపు తెప్పించి కొలిచాను. ఎనభై. దారం రెండు ముళ్ళు వేసి కట్టాను. కాయ కొట్టాను. "చేదుకో కోటయ్యా" అని జనం అరిస్తే ప్రభ కదిలింది.

వంతెన మలుపులో అది ఒకసారి అటు ఒరిగింది. వెంకటేష్ వెనక్కి పడిపోయేంతగా మోకు లాగి పట్టాడు, మడమలు మట్టిలో దిగబడ్డాయి. ప్రభ మెల్లగా లేచి నిలబడింది. ముందుకెళ్ళింది. పైన ఇంకో పదడుగులు ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసని రాసి గొప్పలు పోను. కానీ ఏడుపు మాత్రం వచ్చింది, కొంగుతో తుడుచుకుంటే గులాల్ అంటి మొహమంతా ఎర్రగా అయింది.

యల్లమంద నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు. రమ్మనలేదు. చూడలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

వాడు మాట్లాడలేదు. భోజనం రాఘవమ్మ నా గదిలోకి తెచ్చిపెట్టింది, ఎప్పుడూ వేసే దానికంటే నెయ్యి ఎక్కువ వేసింది.

నివేదిక పేరాతో సహా బోర్డుకి పంపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇక్కడ నెట్ మొదటినుంచీ బాగానే ఉంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

శ్రీకర్ ఫోన్ చేశాడు. నేను ముందే "కంగ్రాచ్యులేషన్స్" అన్నాను. వాడు ఏడ్చాడు. ఆశ్చర్యమేమిటంటే నిజంగానే ఏడ్చాడు. నివేదిక ఏం చేస్తారన్నాను. "వేస్తాను మేడం. పేరా ఉంటుంది. నన్ను ఎన్నాళ్ళు ఉంచుతారో చూద్దాం" అన్నాడు. నా దగ్గర నేర్చుకున్నది ఇంకోటి కూడా ఉందన్నమాట. నేనే మర్చిపోయాను.

ఫోన్ పెట్టేశాక ఏమిటో ఒళ్ళు తేలికైంది, వెంటనే బరువైంది. పొద్దున లేస్తే వెళ్ళడానికి ఆఫీసు లేదు. కార్డు మీద రాసుకోవడానికి పేరు తప్ప ఏమీ లేదు. బాధగా ఉంది. లేదని రాస్తే ఈ డైరీ కూడా నవ్వుతుంది.

సూట్‌కేసు సర్దుతున్నాను. గుమ్మంలో యల్లమంద నిలబడ్డాడు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు. చేతిలో ఏదో ఉంది.

"శిఖరాన్ని టీ బంకువాడు పందిరిగా వేసుకున్నాడు" అన్నాడు గోడతో. "బల్బులు కూడా వెలిగించాడు. ఊళ్ళో ఎదవలంతా అక్కడే చేరి నవ్వుతన్నారు."

నేను మడిచిన చీరనే మళ్ళీ మడిచాను.

"రాఘవమ్మ చెప్పింది. నీ ఉద్యోగం పోయిందంటగా. అక్కడ కూడా ఇట్టాగే చేశావా?"

"ఇట్టాగే చేశాను."

"ఆళ్ళూ మాట్టాడటం మానేశారా?"

"మానేశారు."

వాడు గోటితో గుమ్మం గీరాడు. తర్వాత చేతిలో ఉన్నది నా సూట్‌కేసులో, చీరల మీద పడేశాడు. టేపు. వంతెన మీద నేను కొలిచిన టేపే.

"తీసి బీరువాలో పెట్టు. యాడికి పోతావ్? వచ్చే ఏడు కొలిచే మనిషి కావాలిగా" అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఈసారి కాఫీ ఇవ్వం."